కాగితం మీద 460, రోడ్డు మీద 235: సంక్రాంతికి భీమవరం వెళ్లిన కథ

#1 కూకట్‌పల్లి_కరెంటు
బండి తీసుకుని నాలుగు నెలలు. ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ, ఐదుగురు పట్టేది, 50 యూనిట్ల బ్యాటరీ. కాగితం మీద రేంజి (ఒక్కసారి నిండా ఎక్కిస్తే నడిచే దూరం) 460 కి.మీ. షోరూం కుర్రాడు "సార్, 380 ఎక్కడికీ పోదు" అన్నాడు. సిటీలో తిరిగినన్నాళ్లూ 340, 350 వస్తూనే ఉంది. నేనూ మురిసిపోయాను.

భోగికి ముందు రోజు తెల్లవారుజామున 4కి 100% తో కూకట్‌పల్లిలో బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. వెళ్లేది భీమవరం, అత్తారింటికి. 155 కి.మీ. నడిచి సూర్యాపేటలో ఆగేసరికి 34% మిగిలింది. ఆ లెక్కన నిండా ఎక్కించినా 235. నార్కట్‌పల్లి దాటిన దగ్గర్నుంచి మా ఆవిడ రోడ్డు చూడ్డం మానేసి పర్సెంటేజీ చూడ్డం మొదలెట్టింది. ప్రతి ఒక్క శాతం తగ్గినప్పుడల్లా నా వైపు ఒకసారి.

ఛార్జర్ దగ్గర నా ముందు మూడు బండ్లు. గంటా ఇరవై నిమిషాలు నిలబడ్డాక ఛార్జింగ్ గన్ను దొరికింది. బోర్డు మీద 60 కిలోవాట్లని రాసుంది, నాకు వచ్చింది 28. 34 నుంచి 85 కి ఎక్కడానికి దాదాపు గంట.

నాలుగు నెలలకే బ్యాటరీ పోయిందా? డాష్‌బోర్డు ఫొటో, ఛార్జర్ దగ్గర బండి ఫొటో పెడుతున్నా. తెలిసినవాళ్లు చెప్పండి.

#2 మాడరేటర్
పాత నిబంధన గుర్తు చేస్తున్నా. ఫిర్యాదు థ్రెడ్‌లలో బండి కంపెనీ పేరు, ఛార్జర్ కంపెనీ పేరు తీయొద్దు. తీస్తే కత్తెర.

#3 డీజిల్_దొర
నేనూ అదే రోజు అదే రోడ్డు. 50 లీటర్లు పోయించా, అమలాపురం చేరాక కూడా ముల్లు ఇంకా సగం దగ్గరే ఉంది. బంకులో పట్టింది ఐదు నిమిషాలు. మీ పోస్టు చదువుతూ పూతరేకు తింటున్నా.

#4 కిలోవాట్_కామాక్షి
రెండే ప్రశ్నలు. హైవే మీద ఎంత వేగం? టైర్లలో గాలి ఎంత?

#5 కూకట్‌పల్లి_కరెంటు
@కామాక్షి గారు, ఎల్బీనగర్ దాటాక 105, 110. పొద్దున్నే రోడ్డు ఖాళీ కదా. గాలి డెలివరీ రోజు వాళ్లు పెట్టిందే, మళ్లీ చూడలేదు.

#6 పాలమూరు_పంక్చర్
అన్నా, 110 కొట్టుకుంట 460 కావాలంటే యాడికెల్లి వస్తది? నేను దినాం మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ పోయొస్త. పోను వంద, రాను వంద. నాదీ 50 యూనిట్లదే. 80, 85 మీద పోతే 300 పైన ఇస్తది. ఒక్కరోజు లేటయిందని 115 మీద గుంజిన, 230కే ఎర్ర లైట్ ఒచ్చింది. బండి గదే, రోడ్డు గదే, కాలే మారింది.

#7 కిలోవాట్_కామాక్షి
పాలమూరు అన్న చెప్పిందే కాస్త లెక్కతో చెప్తాను.

మన దేశంలో రేంజి పరీక్ష రోడ్డు మీద జరగదు, ల్యాబ్‌లో రోలర్ల మీద జరుగుతుంది. మొదటి భాగంలో వేగం 50 దాటదు, రెండో భాగంలో గరిష్ఠంగా 90. అది కూడా కాసేపే. 2020 జనవరిలో నెక్సాన్ ఈవీ వచ్చినప్పుడు 30.2 యూనిట్ల బ్యాటరీకి 312 అని ధ్రువీకరణ. మీ 460 కూడా అలాంటి ల్యాబ్ అంకే. ఆ అంకె అబద్ధం కాదు, మీరు నడిపే తీరుకి సంబంధించిన అంకె కాదంతే.

ఇక గాలి. బండిని వెనక్కి తోసే గాలి బలం వేగానికి వర్గం చొప్పున పెరుగుతుంది. 80 నుంచి 110 కి వెళ్తే వేగం పెరిగింది మూడో వంతుకి కాస్త ఎక్కువ, గాలి మోపే బరువు మాత్రం దాదాపు రెండింతలు (1.89 రెట్లు). ఎస్‌యూవీ అంటే ఎత్తైన బీరువా లాంటిది, గాలికి ఎదురుగా నిలబడుతుంది. డీజిల్ బండిలోనూ ఇదే జరుగుతుంది. కాకపోతే ఇంజిన్ ఎలాగూ ఇంధనంలో సగానికి పైగా వేడిగానే వదిలేస్తుంది కాబట్టి ఆ తేడా అంత కొట్టొచ్చినట్టు కనపడదు. ట్యాంకు కూడా పెద్దది, ఎవరూ లెక్కపెట్టరు.

మీ డాష్‌బోర్డు ఫొటోలో సగటు 100 కి.మీ.కి 21.3 యూనిట్లని ఉంది. 155 కి గుణిస్తే 33. యాభైలో 33 అంటే 66%. 100 లోంచి 66 పోతే 34, మీకు మిగిలింది సరిగ్గా అంతే. బ్యాటరీ నిక్షేపంలా ఉంది. అయితే 110 కి కూడా 21.3 ఎక్కువే అనిపిస్తోంది నాకు. సిటీలో 30 కి.మీ. నెమ్మదిగా వచ్చారు కదా, అవి కలిపాక కూడా ఇంత రావడమేంటి? ఇంకేదో ఉంది.

#8 బే_ఏరియా_బాబాయ్
ఇక్కడ అమెరికాలో ల్యాబ్‌లో వచ్చిన రేంజిని మామూలుగా 0.7 తో గుణించి స్టిక్కర్ మీద వేస్తారు. అందుకే మాకు కాగితానికీ రోడ్డుకీ అంత దూరం ఉండదు. మీ 460 ని 0.7 తో గుణించండి: 322. అది 90 లోపు నడిపేవాళ్ల అంకె అనుకోవచ్చు.

ఇక్కడ మాకు ఎండ బాధ లేదు, చలి బాధ. మంచు కురిసే రోజుల్లో కొండల వైపు వెళ్తే హీటరే మింగేస్తుంది.

#9 డీజిల్_దొర
అంటే మామిడికాయ కొనేటప్పుడు ముప్ఫై శాతం టెంక తీసేసి తూకం వేసుకోవాలన్నమాట. ముందే చెప్పొచ్చుగా.

#10 కాలవగట్టు
అదేంటండీ, ఎవరూ రెండో ఫొటో చూడట్లేదా? బండి నెత్తిన నీలం పట్టా కట్టిన ఆ మూట ఏంటండి?

#11 పాలమూరు_పంక్చర్
😂 నేను సూడనేలేదు. పట్టా కింద కాళ్లు కనబడుతున్నయ్ అన్నా. ఎవరన్నా పన్నరా పైన?

#12 కూకట్‌పల్లి_కరెంటు
మడత మంచం. మా ఆవిడ వాళ్ల నానమ్మకి. భీమవరంలో దొరకదా అంటే, హైదరాబాద్‌ది గట్టిగా ఉంటుందంది. డిక్కీలో పిల్లల సామాను నిండిపోయింది, అందుకని క్యారియర్ మీద కట్టాం. బరువు పదిహేను కేజీలు కూడా ఉండదండీ, దానికేం అవుతుంది?

#13 కిలోవాట్_కామాక్షి
దొరికింది.

బరువు కాదండీ సమస్య, అడ్డం. నెత్తిన అడ్డంగా కట్టిన మంచం, దాని మీద రెపరెపలాడే పట్టా. 110 వేగంలో అది గొడుగు విప్పి పట్టుకున్నట్టే. చప్పుడు వినపడలేదా మీకు?

#14 కూకట్‌పల్లి_కరెంటు
వినపడింది. ఈవీ కదా ఇంజిన్ చప్పుడు లేదు, అందుకే గాలి చప్పుడు ఎక్కువ వినిపిస్తోందనుకున్నా.

#15 డీజిల్_దొర
ఈ ఒక్క వాక్యానికి నా పూతరేకులన్నీ మీకే.

#16 రెండో_గేరు
నాకో అనుమానం. నాలుగు నెలలూ 80% దగ్గరే ఆపేశారా ఛార్జింగ్? ఎల్‌ఎఫ్‌పీ (ఇనుము, ఫాస్ఫేట్ రకం) బ్యాటరీ అయితే అప్పుడప్పుడూ 100 దాకా ఎక్కించాలి. ఆ రకం సెల్లుల్లో వోల్టేజీ మధ్యలో ఎక్కడ చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకని వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో కంప్యూటర్ చెప్పలేదు. వచ్చిందీ పోయిందీ లెక్కపెట్టుకుంటూ పోతుంది, నెలల తరబడి ఆ లెక్క కాస్త కాస్త జారుతుంది. నిండా ఎక్కిస్తేనే మళ్లీ సరిదిద్దుకుంటుంది. నా బండి ఒకసారి 18% నుంచి ఒక్క దెబ్బకి 9 కి పడింది, శంషాబాద్ ఫ్లైఓవర్ మీద. ఎన్‌ఎంసీ (నికెల్ రకం) వాళ్లకి మాత్రం ఉల్టా: రోజువారీకి 80 దగ్గర ఆపడమే మంచిది.

#17 కిలోవాట్_కామాక్షి
@రెండో_గేరు మీరన్నది నిజమే కానీ ఇక్కడ అది కాదు. సగటు వాడకం, మిగిలిన శాతం రెండూ కలిశాయి. లెక్క జారితే అవి కలవవు. నేరం మంచానిది, కాలిది.

#18 వెనకసీటు_వదిన
ముందు సీట్లో కూర్చున్న మగవాళ్లు యూనిట్లు లెక్కపెట్టుకుంటారు, వెనక కూర్చున్నవాళ్ల సంగతి ఒక్కరూ రాయరు.

మా ఆయన కరెంటు వెనక్కొస్తుందని రీజెన్ (కాలు తీయగానే మోటారే బండిని ఆపుతూ బ్యాటరీకి కరెంటు తిప్పి పంపేది) మూడు మీద పెట్టి నడుపుతారు. కాలు తీసిన ప్రతిసారీ బండి ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి లాగినట్టు ఆగుతుంది, మళ్లీ కాలు పెడితే ఎగిరి ముందుకి. వెనక మా తలకాయలు సంత బొమ్మల్లా ఊగుతుంటాయి. కోదాడ రాకముందే మా చిన్నోడు ఇడ్లీ మొత్తం సీటు మీద పెట్టాడు. హైవే మీద ఒకటి చాలు, లేదా అసలు తీసేయండి. సిటీ ట్రాఫిక్‌లో పెట్టుకోండి మీ మూడు.

ఇంకోటి. కింద బ్యాటరీ ఉంటుంది కాబట్టి నేల పైకొచ్చేసింది. తొడలు సీటుకి ఆనవు, మోకాళ్లు పైకి లేచి ఉంటాయి. మా అత్తగారు రెండు గంటలకే "ఈ బండిలో పీట మీద కూర్చున్నట్టుందే" అంది. కొనేముందు పెద్దవాళ్లని వెనక సీట్లో అరగంట కూర్చోబెట్టి చూడండి. షోరూం వాడు డ్రైవర్ సీటులోనే కూర్చోబెడతాడు, స్పోర్ట్ మోడ్‌లో ఒక్కసారి తొక్కిస్తాడు, మా ఆయన లాంటివాళ్లు అక్కడే పడిపోతారు.

#19 రెండో_గేరు
వదినా, ఆ తొక్కుడు మాత్రం తక్కువదేం కాదు. గుడివాడ, కైకలూరు రోడ్డు మీద చేపల లారీని దాటాలంటే పాత బండిలో గేరు మార్చి, దేవుడికి దణ్ణం పెట్టి వెళ్లేవాణ్ణి. ఇప్పుడు ఇలా అనుకుంటే అలా ముందుంటున్నా. ఎదురుగా వచ్చేవాడికి కూడా భయం తగ్గింది.

#20 వెనకసీటు_వదిన
ఎదురొచ్చేవాడికి తగ్గి ఉంటుంది. వెనకున్నవాళ్లకి తగ్గలేదు.

#21 తాడేపల్లి_టైరు
28 కిలోవాట్ల మిస్టరీకి జవాబు: ఆ 60 మెషీన్‌కి రెండు గన్నులు ఉండి ఉంటాయి. ఒక్కటే బండి ఉంటే 60 వస్తుంది, రెండోది తగిలిస్తే ముప్ఫై ముప్ఫై. పండగ రోజు రెండోది ఎప్పుడు ఖాళీగా ఉంటుంది? 10 నుంచి 80 కి ఒక గంట అని బ్రోచర్‌లో రాసేది 50 కిలోవాట్ల మెషీన్ మొత్తం మీ ఒక్కరికే వస్తే. బోర్డు మీద అంకె కాదు, గన్నుకి ఎంతో అడగండి.

ఇంకో మాట. సూర్యాపేటలో అందరూ ఆగుతారు, ఎందుకంటే అక్కడ టిఫిన్లు బాగుంటాయి. 34% ఉండి కూడా మీరు అక్కడే గంటా ఇరవై నిలబడ్డారు. నెమ్మదిగా 80 మీద కోదాడ వెళ్లినా 45 కి.మీ.కి 15, 16 శాతం అయ్యేది. అక్కడా జనం ఉంటే నందిగామ మాత్రం సాహసం.

#22 మైసూర్_బజ్జీ
80 దాటాక కూడా గన్ను తీయకుండా బిర్యానీకి వెళ్లిపోయేవాళ్ల మీద ఒక థ్రెడ్ వేయాలి. 80 తర్వాత బ్యాటరీ తనంతట తనే కరెంటు తగ్గించుకుంటుంది, 80 నుంచి 100 కి పట్టే టైంలో ఇంకో బండి సగం నిండుతుంది. చిట్యాల దగ్గర ఒకాయన 97% మీద గన్ను పెట్టుకుని ఏసీ వేసుకుని పడుకున్నాడు. అద్దం మీద కొడితే "మూడు శాతమే కదా బాబూ" అన్నాడు. ఆ మూడు శాతానికి పావుగంట.

#23 డీజిల్_దొర
పెట్రోల్ బంకులో ఎవడైనా ట్యాంకు నిండాక నాజిల్ పెట్టుకుని పడుకుంటాడా?

#24 మైసూర్_బజ్జీ
దొరా, నీ మాట నిజమని ఒప్పుకోవడం నాకిష్టం లేదు.

#25 పాలమూరు_పంక్చర్
ఎండాకాలం సంగతి ఎవరూ అంటలేరు. మే నెలల జడ్చర్ల కాడ మధ్యాహ్నం రెండింటికి ఛార్జింగ్ పెట్టిన. బయట 42. హైవే మీద ఉరికొచ్చిన బ్యాటరీ అసలే ఎచ్చగున్నది. ముందు 45 కిలోవాట్లు తీసుకున్నది, పది నిమిషాలకు 19కి దిగింది. మెషీన్ ఖరాబైందని లొల్లి పెట్టిన. ఆడున్న పిలగాడు చెప్పిండు, సార్ మీ బండే వద్దంటున్నది అని. సెల్లులు కాలకుండ బండి తనే తగ్గిస్తదంట. అప్పటి సంది ఎండల తెల్లారంగనే పోతున్న, లేకుంటే నీడకున్న మెషీన్ చూస్కుంట.

ఏసీ ముచ్చట గూడ ఒకటి. ఏసీ కిలోమీటర్ల లెక్కన తినదు, గంటల లెక్కన తింటది. హైవే మీద గంటకు ఒక యూనిట్ పోతే 80 కి.మీ. పోతవ్, కనబడదు. గదే మియాపూర్ ట్రాఫిక్‌ల గంటకు 15 కి.మీ. పోతే గా ఒక్క యూనిట్ మస్తు కనబడతది.

#26 లైన్‌మన్_కూతురు
@కూకట్‌పల్లి_కరెంటు, సూర్యాపేట దాకా చెప్పి ఆపేశారు. భీమవరం ఎలా చేరారు? ఊళ్లో ఛార్జింగ్ ఎలా పెట్టారు? నాకు అసలు కథ అక్కడుందనిపిస్తోంది.

#27 కూకట్‌పల్లి_కరెంటు
ఉంది మేడమ్.

85% తో సూర్యాపేట వదిలాక భయంతో 80 దాటలేదు. విజయవాడలో 36. అక్కడ ఛార్జర్ దగ్గర ఐదు బండ్లు చూసి, ఉన్నదాంతోనే వెళ్దామని గుడివాడ రోడ్డు పట్టా. కైకలూరులో 14. ఏసీ ఆపేశా. అద్దాలు దించితే చేపల చెరువుల వాసన. పిల్లలు ముక్కు మూసుకున్నారు, మా అమ్మ విష్ణు సహస్రనామం అందుకుంది. అత్తారింటి గేటు ముందు 6%. మావయ్యగారు హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. నేను దిగి "మావయ్యా, పదిహేను ఆంపుల ప్లగ్ ఎక్కడుంది" అన్నా. ఇంటల్లుడి మొదటి మాట అది.

వరండాలో మోటారు ప్లగ్ ఉంది. పెడితే ఛార్జర్ మీద ఎర్ర లైటు. తీసి మళ్లీ పెడితే మళ్లీ ఎర్ర లైటు. ఎర్త్ లేదని చూపిస్తోంది. పండగ పూట ఎలక్ట్రీషియన్ ఎక్కడ దొరుకుతాడు? మావయ్యగారి పాలేరు వెంకన్న, డెబ్బై ఏళ్లుంటాయి, వచ్చి కాసేపు చూసి "బోరు కాడ బొగ్గు గుంట ఉందయ్యా, నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో" అన్నాడు. ఇంటి వెనక మట్టి కప్పేసిన చిన్న గుంట. గునపంతో పైన గీకితే పైపు మూతి కనపడింది. రెండు బిందెలు పోశాడు. మట్టి గుటగుట తాగేసింది. మూడోది పోశాడు. వచ్చి ప్లగ్ పెడితే ఆకుపచ్చ లైటు!

ఆ తర్వాత 19 గంటలు పట్టింది నిండడానికి. భోగి మంటలు అయిపోయి, పిడకలు చల్లారిపోయి, మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే 100.

#28 లైన్‌మన్_కూతురు
వెంకన్న గారికి నా నమస్కారం చెప్పండి. మా నాన్న ముప్ఫై ఏళ్లు స్తంభాలెక్కాడు, ఆయనా ఇదే చేసేవాడు.

జరిగిందేంటంటే: ఎర్త్ గుంటలో ఉప్పు, బొగ్గు వేసేది అక్కడి మట్టి తడిగా ఉండి కరెంటు నేలలోకి దారి దొరకడానికి. ఎండిపోతే ఆ దారి మూసుకుపోతుంది. ఫ్రిజ్, ఫ్యాన్, మోటారు ఇవేవీ పట్టించుకోవు, అలాగే నడుస్తాయి. ఈవీ ఛార్జర్ మాత్రం ముందు ఎర్త్ చూసుకుని, సరిగ్గా లేకపోతే ససేమిరా అంటుంది. అది మీ ప్రాణానికే మంచిది. కొంతమంది ఎర్త్‌నీ న్యూట్రల్‌నీ కలిపేసి ఛార్జర్‌ని మోసం చేస్తారు. దయచేసి ఎవరూ చేయొద్దు. బయట న్యూట్రల్ తెగిందా, బండి ఒంటికి కరెంటొస్తుంది.

ఇంకా ఆ మోటారు ప్లగ్ పట్టుకుని చూశారా? వేడిగా ఉందా? 15 ఆంపుల ప్లగ్ నీళ్ల మోటారుకి అరగంట సరే. 19 గంటలు ఆగకుండా 13, 14 ఆంపులు లాగితే లోపల పిన్నులు వదులైన చోట కాలుతుంది. వచ్చే పండక్కి ముందే ఫోన్ చేసి నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్ వేయించండి, విడిగా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి), 4 స్క్వేర్ ఎంఎం వైరు. పెద్ద ఖర్చు కాదు. 7.2 కిలోవాట్ల ఛార్జర్ పెట్టె బిగించాలంటే మాత్రం వైరు 6 స్క్వేర్ ఎంఎం, శాంక్షన్ లోడు కూడా పెంచుకోవాలి.

#29 కూకట్‌పల్లి_కరెంటు
ప్లగ్ వేడిగా ఉంది మేడమ్. ప్లాస్టిక్ కాస్త పసుపు రంగుకి తిరిగింది. భయమేసి మధ్యలో రెండుసార్లు ఆపా. సాకెట్ మార్పించేస్తాను.

#30 డీజిల్_దొర
ఇప్పటిదాకా నవ్వా, ఇప్పుడు సీరియస్‌గా డబ్బు మాట. మా బావ హైవే ఛార్జర్‌లో యూనిట్‌కి 22 కట్టాడు, పైన 18% జీఎస్టీ. 26 పడింది. వందకి 20 యూనిట్లు తాగే మంచం బండికి 520. నా డీజిల్ లీటరుకి 16 ఇస్తుంది, 95 పైన పెట్టి కొన్నా వందకి 600. మిగిలింది 80 రూపాయలు. రెండు ప్లేట్ల ఇడ్లీ. దానికి రెండున్నర గంటలు సూర్యాపేటలో.

#31 కిలోవాట్_కామాక్షి
హైవే వరకూ మీ లెక్క ఒప్పుకుంటాను దొర గారూ. వారానికి మూడుసార్లు ఊళ్లు తిరిగేవాళ్లు, ఇంట్లో ఛార్జింగ్ లేనివాళ్లు ఇప్పుడే తొందరపడొద్దని నేనూ చెప్తాను. కానీ మిగతా 350 రోజులు? తెలంగాణలో ఇంటి కరెంటు నెలకి 400 యూనిట్లు దాటితే యూనిట్ 9.50. వందకి 15 యూనిట్లు, ఛార్జింగ్‌లో పోయేది కూడా కలిపి 16.5 అనుకోండి. 157 రూపాయలు. నెలకి 1,200 కి.మీ. తిరిగితే నాకు 1,900, మీకు 7,200. పైగా 2024 నవంబరు నుంచి ఇక్కడ రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు, 2026 డిసెంబరు 31 దాకా.

#32 డీజిల్_దొర
ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోనిస్తే కదా! మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటుకి లిఫ్ట్‌లో కుక్కని తెస్తేనే మీటింగ్.

#33 మైసూర్_బజ్జీ
అంటే కొనాలని ఉందన్నమాట 👀

#34 డీజిల్_దొర
అడిగానంతే.

#35 లైన్‌మన్_కూతురు
@డీజిల్_దొర, ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే సొంత బండి ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లోనే ఉంది. మీ మీటరు నుంచి మీ పార్కింగ్‌కి పైపులో వైరు లాగుతామని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే కుక్క సంగతే అవుతుంది.

#36 అలిపిరి_మెట్టు
ఘాట్ రోడ్డు గురించి అడిగేవాళ్లుంటారని రాస్తా ఉండా. అలిపిరి నుంచి తిరుమలకి ఎత్తు తేడా 700 మీటర్ల దాకా. మనుషులతో కలిపి 2.2 టన్నుల బండిని అంత ఎత్తుకి మొయ్యాలంటే ఉత్త ఎత్తుకే 4 యూనిట్ల పైన. నా 50 యూనిట్ల బండికి ఎక్కేటప్పుడు 13% పోతాది, దిగేటప్పుడు 4% వస్తాది. దిగేదాంట్లో బ్రేకు మీద కాలు పెట్టే పనే లేదు, రీజెనే పట్టుకుంటాది. కాలిన బ్రేకుల వాసన ముందు పోయే బండ్ల నుంచి మాత్రం వస్తా ఉంటాది.

ఒకటి గుర్తు పెట్టుకోండి. కొండ మీద 100% ఎక్కించుకుని దిగద్దు. నిండిన కుండలో నీళ్లు పోస్తే ఏమవుతాది? రీజెన్ పనిచెయ్యదు, అలవాటు లేని కాలు బ్రేకు వెతుక్కుంటాది.

#37 వెనకసీటు_వదిన
@అలిపిరి_మెట్టు గారు, మలుపుల్లో రీజెన్ మూడా?

#38 అలిపిరి_మెట్టు
రెండు అక్కా. కవర్లు మాత్రం దగ్గర పెట్టుకోండి.

#39 కాలవగట్టు
మా వైపు అడిగేది వేరండి. నీళ్లలో దిగితే? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో బండ్లన్నీ మునిగాయి కదా.

#40 రెండో_గేరు
ఐపీ67 అని రాసుంటే బ్యాటరీ పెట్టె మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం. మూడు రోజులు నానితే అని కాదు. మునిగిన బండిని స్టార్ట్ చేయడం, ఛార్జింగ్ పెట్టడం రెండూ వద్దు.

#41 కూకట్‌పల్లి_కరెంటు
వెనక్కొచ్చాం. ఇదిగో రిపోర్టు.

కనుమ రోజు కదలకూడదన్నారు, ఆగాం. మర్నాడు టైర్లు చూపిస్తే 28 ఉంది, 35 పెట్టించా. మంచం దింపేశాం, క్యారియర్ కడ్డీలు కూడా విప్పేసి డిక్కీలో పడేశా. 100% తో బయల్దేరి 85, 90 మీదే నడిపా. రీజెన్ ఒకటి. మా చిన్నది మొదటిసారి దారంతా నిద్రపోయింది, వదిన గారికి థాంక్స్.

భీమవరం నుంచి సూర్యాపేట 245 కి.మీ. మిగిలింది 26%. సగటు 15.1. వెళ్లేటప్పుడు 155 కే 34 కి వచ్చిన బండే ఇది.

110 బదులు 88 మీద వస్తే సూర్యాపేట, ఎల్బీనగర్ మధ్య నాకు ఆలస్యమయ్యేది పావుగంట పైచిలుకు. దానికోసం నేను వెళ్లేటప్పుడు రెండున్నర గంటలు నిలబడ్డా. కోపం ఇంకా ఉంది, కానీ ఎవరి మీదో తెలియట్లేదు.

సూర్యాపేటలో ఈసారి 26 నుంచి 70 కి ఎక్కించి వదిలేశా. నా ముందు ఒక్కడే. కొర్లపహాడ్ టోల్ దాటాక బాగానే ఉంది, పంతంగి దగ్గర మాత్రం ముప్పావుగంట. చుట్టూ ఇంజిన్లు గుడగుడలాడుతుంటే మేము ఏసీ సన్నగా పెట్టుకుని అరిసెలు తిన్నాం. ఆ ముప్పావుగంటలో పోయింది ఒక శాతం.

#42 పాలమూరు_పంక్చర్
గిప్పుడు లైన్‌ల పడ్డవ్ అన్నా.

#43 డీజిల్_దొర
పంతంగి దగ్గర గుడగుడలాడిన వాటిల్లో ఒకటి నాదే అయ్యుంటుంది. అరిసెలు ఇవ్వాల్సింది.

#44 కిలోవాట్_కామాక్షి
15.1 అంటే నిండా 330. బాబాయ్ గారి 322 కి దగ్గరే.

#45 కాలవగట్టు
అన్నీ అయ్యాయి గానండీ, మంచం నానమ్మగారికి నచ్చిందా?

#46 కూకట్‌పల్లి_కరెంటు
నిన్న ఫోన్ చేసింది. కాళ్లు బయటికొస్తున్నాయంట, పొడుగు చాలట్లేదంట. ఉగాదికి వచ్చినప్పుడు పట్టుకెళ్లి మార్చి తెమ్మంది.

#47 డీజిల్_దొర
నా బండి మీద వేసుకొస్తా, అడ్రస్ పంపు.